మొదటి ‘వద్దు’కే ఎంటర్ కొట్టేశాను

సెలవుల్లో ఏం చేశావ్ శైలజా అని పొద్దున్నుంచీ అడుగుతున్నారుగా, చెప్తాను. కానీ ఆ టీ ముందు తాగేయండి. మధ్యలో నవ్వొస్తే ముక్కులోంచి వస్తుంది, తర్వాత నన్ననకండి. మా రమ వదిన గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరినీ కొద్దిలో పస్తు పెట్టి పంపించేదాన్ని! నేనూ, నేను సొంతంగా రాసుకున్న కంప్యూటర్ ప్రోగ్రామూ కలిసి చేసిన నిర్వాకం అది. ఇంకా నాకు అత్తవారింట్లో మంచినీళ్లు ఇస్తున్నారంటే ఆ పుణ్యమంతా వదినదే.

అసలు దీనికంతటికీ మూలం మన హెడ్మాస్టారు. "జూన్ నుంచి తొమ్మిదో తరగతికి కోడింగ్ క్లాసు, పైథాన్ చెప్పాలి. శైలజ మేడమ్ లెక్కలవాళ్లు కదా, తేలిక" అన్నారా లేదా? మీరందరూ ఇక్కడే కూర్చుని ఉన్నారు. ఒక్కళ్లు నోరు విప్పితే ఒట్టు! నేనెప్పుడో కాలేజీలో సి లాంగ్వేజ్ నేర్చుకున్నా. ఒక్క అంకె లోపలికి తీసుకోవాలంటే ముందు ఏదో వంకర గుర్తు పెట్టాలి. అది మర్చిపోయామా, ప్రోగ్రామ్ బొక్కబోర్లా పడేది. ల్యాబ్‌లో ఆ గుర్తు కోసం ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే.

అందుకని వదినకి ఫోన్ చేశా. వదినంటే మా ఆయన అక్కగారు. కాపురం రేపల్లెలో, ఉద్యోగం బాపట్లలో. ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తుంది. రోజూ బస్సులో వెళ్లొస్తుంది, సీటు దొరక్కపోతే నిలబడే పిల్లల పేపర్లు దిద్దేస్తుంది. నేను ఎంతోమంది లెక్చరర్లని చూశానండి. వాళ్లు చెప్తుంటే వాళ్లు ఎంత తెలివైనవాళ్లో మనకి తెలుస్తుంది. వదిన చెప్తుంటే మనం ఎంత తెలివైనవాళ్లమో అనిపిస్తుంది. అలాంటి మనిషండీ ఆవిడ.

మొదటి రోజే ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నా.

"వదినా, నీ పైథాన్ చచ్చిపోయింది."

"ఏం రాశావే?"

"ఇన్‌పుట్ అని రాసి రన్ కొట్టా. నల్ల తెర వచ్చింది. ఓ గీత మాత్రం మినుకు మినుకుమంటోంది. ఇందాకట్నుంచీ చూస్తున్నా, కదలదు మెదలదు."

"నువ్వేమైనా టైప్ చేశావా?"

"నేనెందుకు చేస్తా? ముందు అది అడగాలిగా!"

అంతే, అవతల నవ్వు. ఆగదే! "పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారే ఇద్దరూ! అది నీకోసం చూస్తోంది, నువ్వు దానికోసం చూస్తున్నావ్. ఇన్‌పుట్ పక్కన బ్రాకెట్లో ఒక ప్రశ్న పెట్టు, ‘మీ పేరేంటండి’ అని. దాన్నే ప్రాంప్ట్ అంటారు. అడగనిదే ఎవరైనా ఎలా చెప్తారే పిచ్చిదానా?"

పెట్టా, దాని కింద లైన్లో నమస్కారం చెప్పమని కూడా రాశా. అడిగింది. శైలజ అని కొట్టి ఎంటర్ నొక్కా. "నమస్కారం శైలజ గారూ!" అంది తెర. ఒట్టు, నా రెండు చేతులూ వాటంతటవే దండం పెట్టేశాయి. పక్కనున్న మా ఆయన చూసి, ఇన్నేళ్లలో నాకెప్పుడైనా పెట్టావా ఒక నమస్కారం అన్నారు. ఆయన మాటలకేం లెండి. రెండే రెండు లైన్లు! వంకర గుర్తు లేదు, ఏడుపు లేదు. ఈ భాష కనిపెట్టినవాడు ఎవడో గానీ వాడి కడుపు చల్లగా ఉండాలి అనుకున్నా.

మర్నాడు ఇంకో వింత. రెండు అంకెలు అడిగి కూడి చూపించమన్నా. రెండూ, మూడూ ఇచ్చా. ఇరవై మూడు అంది! నాకు, లెక్కల టీచర్‌కి! మళ్లీ ఫోన్.

"కీబోర్డు మీంచి ఏదొచ్చినా దానికి మాటేనే, అంకె కాదు" అంది వదిన. "రెండు మాటలిచ్చావ్, పక్కపక్కన అతికించింది. అంకెగా మార్చుకోమని నువ్వు చెప్పాలి. ఇంకో సంగతి విను శైలూ, ఇది ఏ భాషకైనా వర్తిస్తుంది. వచ్చిన ఇన్‌పుట్‌ని వచ్చినట్టు నమ్మేయకూడదు. అవతల ఉన్నది మనిషి."

అలాగే వదినా అన్నా. అర్థమైందనే అనుకున్నా, అదీ నా ఖర్మ.

ఇక గృహప్రవేశం సంగతికి వస్తా. రేపల్లెలో వదిన ఇల్లు కట్టుకుందండి. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో ఉండి, ఇష్టంగా కట్టుకున్న ఇల్లు. కానీ ఆవిడ బెంగంతా ఇంటి గురించి కాదు, భోజనాల గురించి. ఎందుకంటే, వాళ్ల పెళ్లిలో ఆఖరి బంతికి కూరలు అయిపోయాయట. వాళ్లాయన తరఫు వేటపాలెం బాబాయిగారు మజ్జిగన్నం తిని లేచారట. ఆయన మంచి మనిషేనండి, కానీ అప్పట్నుంచీ ఏ పెళ్లిలో కనపడినా, "అమ్మాయ్, ఇవాళ మజ్జిగన్నమేనా?" అని నవ్వుతారు. ఆయనకి అది సరదా. వదిన కూడా నవ్వేస్తుంది. లోపల మాత్రం గుచ్చుకుంటుంది. వాళ్ల నాన్నగారిని అన్నట్టు ఉంటుందట ఆవిడకి.

"ఈసారి నా గుమ్మం ఎక్కిన మనిషి కడుపునిండా తినకుండా దిగకూడదు. అంతే శైలూ, నాకింకేం అక్కర్లేదు" అంది.

నాలో ఉత్సాహం పొంగింది. "వదినా, నేను లెక్క తీస్తా! నా ప్రోగ్రామ్‌తో!"

"నీ సరదా ఎందుకు కాదనాలి, తియ్యి. వంటవాళ్లకి మాత్రం రెండొందల మందికని చెప్పా. ఏదైనా మార్చాలంటే నాతో ఒక్క మాట చెప్పి మార్చు" అంది. ఈ ఆఖరి ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, నేనైతే పెట్టుకోలేదు.

ఆ రోజు తెల్లవారగట్ల పాలు పొంగించడం అయ్యింది. వదినా, అన్నయ్యగారూ పీటల మీద వ్రతానికి కూర్చున్నారు. నేను షామియానా కింద, టిఫిన్లు పెడుతున్న బల్ల పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా. నల్ల తెర, తెల్ల అక్షరాలు. "మీ పేరేంటండి?" ఆ తర్వాత, "మధ్యాహ్నం భోజనానికి ఎంతమంది ఉంటారండి?" ఎవరి అంకె వాళ్లే నొక్కుకోవాలి. అక్షరాలు కొడితే, "దయచేసి అంకె నొక్కండి" అంటుంది. మరీ పెద్ద అంకె కొడితే, "అంతమందే!" అంటుంది. ఇన్‌పుట్‌ని నమ్మొద్దంటే ఇదేగా మరి! ఎవరిదో చంటిది వచ్చి అరచేత్తో కీబోర్డులో అంకెల మీద, ఎంటర్ మీద కలిపి కొట్టింది. "అంతమందే!" అంది తెర. చుట్టాలందరూ ఒకటే నవ్వు, ఒకటే మెచ్చుకోలు. మా శైలజ చేసిందండీ అని మా ఆయన అటూ ఇటూ తిరిగి చెప్పడం కూడా విన్నా.

వేటపాలెం బాబాయిగారు జీడిపప్పు పొట్లాలతో దిగారు. కూడా నలుగురు మనుషులు. ఇంట్లోకి ఓసారి తొంగిచూసి నా దగ్గరికి వచ్చారు.

"భోజనమా! అబ్బెబ్బే, ఎందుకమ్మా మీకు శ్రమ? ఇల్లు చూశాం, పాయసం తాగాం, చాలు. బయల్దేరతాం" అన్నారు.

"అయితే సున్నా నొక్కండి బాబాయిగారూ."

ఆయన ఒక క్షణం ఆగారు. నా మొహం చూశారు. నేను తెర చూస్తున్నా. "నొక్కమంటావా?" అన్నారు. "నొక్కండి" అన్నా. నొక్కారు. "ధన్యవాదాలండి!" అంది తెర. అబ్బ, నా బంగారం ఎంత మర్యాదగా మాట్లాడుతోందో అనుకున్నా.

ఈపురుపాలెం పిన్నిగారు తమ మగ్గం మీద నేసిన చీర వదినకి పెట్టడానికి తెచ్చారు. "మగ్గం మీద పని ఆపేసి వచ్చామమ్మా, తొందరగా పోవాలి" అంటూ సున్నా. దుగ్గిరాల నుంచి వచ్చినావిడ మాత్రం ‘చూద్దాం’ అని కొట్టించింది. "దయచేసి అంకె నొక్కండి" అంది ప్రోగ్రామ్. మళ్లీ చూద్దాం అంది ఆవిడ. మళ్లీ అంకె నొక్కమంది ఇది. చివరికి ఆవిడ విసుక్కుని, "సున్నా వేసుకోమనమ్మా దాన్ని" అని వెళ్లిపోయింది. వేసుకుంది.

ఇలా వచ్చినవాళ్లు వచ్చినట్టు సున్నాలు. వంట మాస్టారు వచ్చి, ఎసరు పెట్టేయమంటారా అని అడిగారు. ఎంటర్ కొట్టా. మొత్తం భోజనాలు యాభై ఎనిమిది అని వచ్చింది.

"మేడమ్ గారు రెండొందలన్నారండి" అన్నారాయన.

"అది అంచనా అండి. ఇది లెక్క" అన్నా. ఎంత గీరగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. వదినకి చెప్పాలిగా? వ్రతం మధ్యలో ఏం కదిలిస్తాంలే అనుకున్నా. పైగా అంత అన్నం, అన్ని కూరలు మిగిలిపోకుండా చూసిన ఘనత నాదేనని, వ్రతం అయ్యాక తీరిగ్గా చెప్పుకుందామనుకున్నా. పెద్ద మనసు చేసుకుని డెబ్బై మందికి వండమన్నా. మీరెలా అంటే అలాగేనండి అని ఆయన వంకాయల బుట్ట పక్కకి జరిపేశారు.

వ్రతం అయ్యింది. మొదటి బంతి కూర్చుంది. చిన్నపిల్లలూ, పెద్దవాళ్లూ అంతా కలిపి బంతి నిండుగా ఉంది. బాగానే ఉంది కదా అని తల తిప్పి చూద్దును కదా, రెండో బంతికని షామియానా అవతల ఒక జాతర నిలబడి ఉంది! సున్నా పిన్నిగారు ఉన్నారు. చూద్దాం ఆవిడ ఉంది. అందరికంటే ముందు, చొక్కా చేతులు మడుచుకుని వేటపాలెం బాబాయిగారు ఉన్నారు.

"బాబాయిగారూ, బయల్దేరతామన్నారుగా!" అన్నా.

"బయల్దేరతామమ్మా, తిని బయల్దేరతాం! గృహప్రవేశానికొచ్చి తినకుండా వెళ్తే ఇంటికి మంచిదా?" అన్నారు. "ముందు చిన్నవాళ్లని తిననివ్వండి, మాకేం తొందర?" అని అందరికీ దారి ఇస్తున్నారు కూడా.

అప్పుడు గుర్తొచ్చిందండీ. మనమేం చేస్తాం? ఎవరింటికైనా వెళ్తే, కాఫీ తాగుతారా అంటే వద్దండి అంటాం. మళ్లీ అడిగితే, ఎందుకండీ శ్రమ అంటాం. మూడోసారి అడిగితే, సరే సగం ఇవ్వండి అంటాం. ఇచ్చాక నిండు గ్లాసు తాగుతాం. పుట్టినప్పట్నుంచీ నేనూ చేసేది అదేగా! కానీ నా ప్రోగ్రామ్ ఒక్కసారే అడిగింది. మొదటి వద్దుకే, ధన్యవాదాలండి అంది. పాపం బాబాయిగారు నా మొహం ఎందుకు చూశారో అప్పటికి అర్థమైంది, రెండోసారి అడుగుతానేమోనని!

వంట మాస్టారు వచ్చి, గుండిగ అడుగు కనపడుతోందమ్మా అన్నారు. మళ్లీ అదే మనిషి, అదే ఇంటి ఆడపిల్ల, మళ్లీ మజ్జిగన్నం. ఈసారి చేసింది నేను. వదిన దగ్గరికి వెళ్లి, పసుపు పాదాలతో నిలబడి ఉన్నావిడని పక్కకి లాగి, ఏడుపు గొంతుతో మొత్తం చెప్పేశా.

ఆవిడ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. బాబాయిగారి వైపు చూసింది. తిడుతుంది, తిట్టాలి కూడా అనుకున్నా.

"బియ్యం ఉన్నాయా?" అంది.

"బస్తా అలాగే ఉంది వదినా."

"పొయ్యి ఆరిపోలేదుగా? మరింకేం. ఎసరు మళ్లీ పెట్టించు. అన్నం ఉడికేదాకా మనుషుల్ని పట్టుకోవాలి, అంతేగా. కళ్లు తుడుచుకో ముందు." తమ్ముడిని పిలిచి, అంటే మా ఆయన్ని, "స్కూటర్ తీసుకుని ఊళ్లో కర్రీ పాయింట్లన్నీ తిరిగి పప్పు, సాంబారు, ఏ కూర ఉంటే ఆ కూర పట్రా. వెనక గుమ్మంలోంచి రా" అంది.

తర్వాత చూడాలండీ! పట్టుచీర కొంగు దోపుకుని, పెళ్లికూతురంత కళగా నవ్వుతూ వెళ్లి, "బాబాయిగారూ! ఇల్లు సరిగ్గా చూడకుండానే కూర్చుంటారా? అందరూ రండి, మేడ మీదికి!" అంది. జాతరంతా మేడెక్కింది. ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో వెలిగించి చూపించింది. అటక చూపించింది. నీళ్ల ట్యాంకు మూత తీసి మరీ చూపించింది. చూసేవి అయిపోతున్నాయనగా ఆవిడ అసలు దెబ్బ కొట్టింది. "పిన్నిగారూ, ఈ తలుపు ఇటువైపు పెట్టారు మేస్త్రీలు, వాస్తుకి పరవాలేదంటారా?" అని అమాయకంగా అడిగింది.

మనవాళ్లని వాస్తు అడిగితే ఇంకేం ఉంది చెప్పండి? ఈశాన్యం అని ఒకరు, ఆగ్నేయం అని ఒకరు. బాబాయిగారైతే అరచేతిలో వేలితో ప్లాన్ గీసి మరీ వాదిస్తున్నారు. ఆకలి ఎవరికీ గుర్తు లేదు. నేను పైకి కిందకి పరుగులు పెడుతుంటే, మెట్ల మీద నన్నాపి చెవిలో ఏం చెప్పిందో తెలుసా?

"ప్రింట్ అన్నా కూడా ఒక్కోసారి తెర మీదికి వెంటనే రాదే, లోపల ఒకచోట ఆగి ఉంటుంది. దాన్ని బఫర్ అంటారు. ఇప్పుడు వీళ్లంతా బఫర్‌లో ఉన్నారు. ఆగినదాన్ని ఒక్కసారిగా బయటికి పంపడాన్ని ఫ్లష్ అంటారు. అన్నం దించగానే చెప్పు, ఫ్లష్ చేస్తా."

కొంప మునుగుతుంటే పాఠం చెప్తోందండీ! ఆ పాఠం నేను ఇంక జన్మలో మర్చిపోను. నాకైతే అక్కడే, మెట్ల మీదే కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

అన్నం దిగింది. పొగలు కక్కుతోంది. మా ఆయన చెమటలు కక్కుతూ వెనక గుమ్మంలోంచి క్యారియర్లు దింపారు. నేను మేడ కింద నిలబడి, "వదినా, ఫ్లష్!" అని అరిచా. బాత్రూమ్ సంగతేమో అనుకుని ఇద్దరు ముగ్గురు నావైపు అదోలా చూశారు లెండి. అందరూ దిగొచ్చి ఆకుల ముందు కూర్చున్నారు.

వదిన స్వయంగా వడ్డనకి దిగింది, వెనకాల కూర గిన్నెతో నేను. బాబాయిగారి ఆకు దగ్గరికి రాగానే ఆయన, "వద్దమ్మా వద్దు, చాలు" అని చెయ్యి అడ్డం పెట్టారు. నేను ఆగిపోయా. వదిన మోచేత్తో పొడిచింది.

"చెయ్యి కాదే, వేళ్లు చూడు. మధ్యలో ఎంత సందుందో!" అని గొణిగింది. నిజమే, గరిటె దూరేంత సందు ఉంది! వడ్డించింది. "అయ్యయ్యో, ఎందుకమ్మా" అంటూ కలుపుకున్నారాయన.

"మనవాళ్ల దగ్గర ఒక్కసారి అడిగితే చాలదు శైలూ. మొదటి వద్దు వాళ్లు మనకిచ్చే ప్రాంప్టు. అసలు ఇన్‌పుట్ మూడోసారికి వస్తుంది. అందుకే లూపు పెట్టాలి. నిజం వచ్చేదాకా అడిగిందే మళ్లీ మళ్లీ అడగాలి" అంది.

బాబాయిగారు మూడుసార్లు అన్నం పెట్టించుకుని, త్రేన్చి, చెయ్యి కడుక్కుని వచ్చి వదిన ఎదురుగా నిలబడ్డారు. "అమ్మాయ్ రమా, ఆ సాంబారు ఎవరి చేతిదో గానీ అమృతం! మజ్జిగన్నం మాట ఇంక నా నోట వింటే ఒట్టు. నీ పెళ్లి భోజనం ఇవాళ తిన్నాను" అన్నారు. వదిన వంగి ఆయన కాళ్లకి దండం పెట్టింది. లేచాక కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నా, పొగ వంకతో. సాంబారు కర్రీ పాయింటుదని ఈ క్షణం వరకూ ఆయనకి తెలీదు, మీరు కూడా ఎక్కడా అనకండి.

అందరూ వెళ్లిపోయారు. మధ్యాహ్నమంతా మెట్లెక్కి దిగి నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. వదిన గిన్నెలు చూసి, "ఒకళ్లకి సరిపడా ఉంది. రెండు బూరెలు కూడా ఉన్నాయి. నీకు వడ్డించనా?" అంది. ఇంత చేసి మళ్లీ ఏ మొహం పెట్టుకుని తినను? సిగ్గేసింది.

"వద్దు వదినా, నాకు ఆకలిగా లేదు" అన్నా.

"ధన్యవాదాలండి" అని గిన్నె మీద మూత పెట్టేసింది.

"అదేంటి వదినా!"

"సున్నా నొక్కావ్. ఎంటర్ కూడా కొట్టేశావ్. ఇంకేం చెయ్యను?"

బూరెల గిన్నె పట్టుకుని ఆవిడ అటు వెళ్తుంటే, మొహమాటం గట్టున పెట్టి వెనకాలే పరిగెత్తా.

"లూపు పెట్టు వదినా! నీకు దండం పెడతా, లూపు పెట్టు!"